అది ఫోటో కాదమ్మా

మల్లేశ్వరం, బెంగళూరు

చిరంజీవి అమ్మాయికి,

స్కానింగ్ టన్నెలింగ్ మైక్రోస్కోపు మీద నువ్వు రాసిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటి వాక్యంలోనే పేచీ. "ఈ మైక్రోస్కోపుతో అణువును ఫోటో తీస్తారు" అన్నావు. మన పాఠ్యపుస్తకాల్లో అణువంటే మాలిక్యూల్, పరమాణువంటే ఆటమ్. నేనూ ఒకప్పుడు రెండూ కలిపేసి, ఒక ఫిజిక్స్ మాస్టారి చేత పోస్టుకార్డు మీద చీవాట్లు తిన్నాను.

ఇక ఫోటో. అక్కడ కెమెరా లేదు, లెన్సూ లేదు. పాతకాలం బల్బు తీగలో ఉండే టంగ్‌స్టన్‌తో చేసిన సూది, నమూనాను తాకకుండా, ఒక నానోమీటరు లోపు దూరంలో కదులుతుంది. మధ్యలో ఖాళీ ఉన్నా ఎలక్ట్రాన్లు దాటేస్తాయి, అదే కరెంటు. దూరం 0.1 నానోమీటరు పెరిగితే చాలు, కరెంటు దాదాపు పదోవంతుకి పడిపోతుంది. ఆ కొలతల్నే కంప్యూటర్ బొమ్మగా గీస్తుంది. 1981లో జ్యూరిచ్‌లో బిన్నిగ్, రోరర్ దీన్ని తయారుచేశారు, 1986లో నోబెల్ వచ్చింది. ఆ కథకు నువ్వు మూడు పేరాలిచ్చావు. ఒక్క వాక్యం చాలు.

ఉపరితలం వెంట ఎలక్ట్రాన్లు ఎలా సాగుతాయన్నది కదా నీ అసలు విషయం! దానికి సిల్క్ బోర్డు ట్రాఫిక్ పోలిక తెచ్చావు. కొట్టెయ్. బెంగళూరులో ప్రతివాడూ అదే రాస్తాడు, పైగా ట్రాఫిక్‌కి మట్టం ఉండదు. తెనాలి పిల్లవి, కాలువ గురించి నీకొకరు చెప్పాలా? నమూనా రెండు చివర్లకీ తీగలు కలిపి కరెంటు పంపుతారు. పైనున్న సూది వోల్టేజిని సర్దుతూ పోతే ఒకచోట సూదికీ నమూనాకీ మధ్య కరెంటు ఆగిపోతుంది. తూముకి అటూ ఇటూ నీటిమట్టం ఒకటైతే నీళ్లు కదలవు చూడు, అలాగ. చుక్కచుక్కకీ ఇలా కొలిస్తే, చదునుగా ఉన్నచోట వోల్టేజి మెల్లగా వాలుతుంది. ఒక్క పరమాణువు ఎత్తున్న మెట్టు దగ్గర గబుక్కున దిగొచ్చు. ఎలక్ట్రాన్లకు అడ్డు తగిలేది అక్కడే. మామూలు మీటరు మొత్తం నిరోధం ఎంతో చెబుతుంది గానీ, అది ఎక్కడుందో చెప్పదు. నీ వ్యాసం ఇక్కడ మొదలవ్వాలి.

తిరగరాసే ముందు టాటా ఇన్‌స్టిట్యూట్‌కి, అదే ఇక్కడి ఐఐఎస్సీకి, వెళ్లు. ఇలాంటి పరికరంతో పనిచేసే పీహెచ్‌డీ పిల్లలెవరైనా దొరికితే, రాత్రి రెండింటికి సూది మొన పాడైతే ఏం చేస్తారో అడుగు. వాళ్లు చెప్పింది ఉన్నదున్నట్టు రాసుకుని, ఆదివారం టిఫిన్ వేళకి రా.

ఆశీస్సులతో,
మీ పెద్దమ్మ