కేటపల్ట్ చేయబోతున్న మనుమడికి

అంబాజీపేట

చిరంజీవి మనుమడికి తాతయ్య ఆశీస్సులు.

బడిలో జరిగే సైన్స్ ప్రదర్శనకు కేటపల్ట్, అంటే వస్తువులను దూరంగా విసిరే యంత్రం, చేస్తానని, ఎలా మొదలుపెట్టాలో చెప్పమని నీవు వ్రాసిన ఉత్తరం చదివి చాలా సంతోషించాను. వడ్రంగి కొట్టులో మిగిలిపోయిన రెండు వేళ్ల మందం చెక్క ముక్కలు, బాగా ఎండిన వెదురు బద్ద, వలలు అల్లే నైలాన్ దారం, పాత సైకిల్ ట్యూబు ముక్క, కూల్‌డ్రింక్ సీసా మూత ఉంటే చాలు. మన ఇంట్లో కొబ్బరి తాడుకు కొదవ లేదు కనుక దానితోనే చేద్దామని నీకు అనిపించవచ్చు. నాకూ ఆ తాడంటే మమకారమే. కానీ పీచు తాడు ఒకసారి సాగితే పూర్తిగా వెనక్కి రాదు, నాలుగు విసుర్లకే వదులైపోతుంది. ఈ పనికి నైలాన్ దారమే మేలు.

గడ్డి బండికి మోకు కట్టి, అందులో కర్ర దూర్చి మెలివేసి బిగించడం నీవు చూసే ఉంటావు. ఆ కర్ర చేయి జారితే ఎంత విసురుగా వెనక్కి తిరుగుతుందో, మన కేటపల్ట్‌కు బలం అక్కడి నుంచే వస్తుంది. పూర్వం రోమన్లు జంతువుల కండను ఎముకకు పట్టి ఉంచే గట్టి నరాలనూ వెంట్రుకలనూ తాళ్లుగా పేని, ఇలాగే మెలివేసి, ఒంటి చేయి ఉన్న యంత్రంతో పెద్ద పెద్ద రాళ్లు విసిరేవారు. దానిని వారు ‘ఒనేజర్’ అన్నారు. ఆ మాటకు అడవి గాడిద అని అర్థం. నీ చిన్న యంత్రం కూడా వదిలిన ప్రతిసారీ అలాగే తన్నుతుంది కాబట్టి, దానిని ఒక బరువైన పీటకు గట్టిగా కట్టు.

40 సెంటీమీటర్ల చెక్కలు రెండింటిని 15 సెంటీమీటర్ల ఎడంలో పక్కపక్కన ఉంచి, రెండు చివరలా అడ్డచెక్కలు మేకులతో బిగించు. ముందు కొస నుంచి 10 సెంటీమీటర్ల దగ్గర రెండు చెక్కలకూ ఎదురెదురుగా చిల్లులు వేయించు. ఆ పని మీ నాన్న చేత చేయించుకో. దారాన్ని ఈ చిల్లు నుంచి ఆ చిల్లుకు పది పన్నెండు చుట్లు తిప్పుతూ, బయటి వైపు చుట్లన్నీ ఒక్కొక్క గట్టి పుల్ల మీదుగా వచ్చేలా చూసుకో. 25 సెంటీమీటర్ల వెదురు బద్ద అడుగు కొసను ఆ చుట్ల నడుమ దూర్చి, పుల్లలను మెలివేయి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. రెండు పుల్లల పైకొసలూ మనం విసిరే కాగితపు బంతి వెళ్లే దిక్కుకే తిరగాలి. అంటే ఎడమ పక్కన కూర్చుని తిప్పేటప్పుడు గడియారానికి ఎదురు దిక్కుకు, కుడి పక్కన గడియారం దిక్కుకు తిప్పాలి. రెండు పక్కలా సమానంగా తిప్పి, పుల్ల కొసను పక్కన కొట్టిన మేకుకు ఆన్చితే మెలి జారదు.

నా అనుభవంలో దూరాన్ని నిర్ణయించేది తాడు బిగువు కంటే బద్ద ఆగే చోటు. బంతి బద్దకు లంబంగా ఉన్న దిక్కులో ఎగురుతుంది. బద్ద నిటారుగా లేచేదాకా ఆగకపోతే, ఎంత బలమున్నా బంతి నేలబారుగా పోయి ముందే పడిపోతుంది. అందుచేత చిల్లుల కంటే 10 సెంటీమీటర్లు వెనుకగా, 10 సెంటీమీటర్లు ఎత్తుగా ఒక అడ్డుకర్రను రెండు నిలువు చెక్కల మీద బిగించు. దాని కింద నుంచి లేచిన బద్ద, 45 డిగ్రీలు వెనక్కి వాలి ఉండగానే దానికి తగిలి ఆగుతుంది. బంతి కూడా 45 డిగ్రీల వాలులో పైకి లేస్తుంది. ఆ కర్రకు సైకిల్ ట్యూబు ముక్కను రెండు మూడు పొరలు చుట్టడం మరువవద్దు. చిన్నతనంలో నేను ఆ పని బద్ధకించాను. ఆరో విసురుకు బద్ద సరిగ్గా తగిలే చోటే ఫట్టున విరిగి, దాని పేడు మా తమ్ముడి కనుబొమ పక్కనుంచి దూసుకుపోయింది. ఆ చప్పుడు ఇప్పటికీ నా చెవుల్లో ఉంది.

బద్ద కొసకు చిన్న కొబ్బరి చిప్ప కడితే చూడటానికి ముచ్చటగా ఉంటుంది. నేనూ మొదట అదే కట్టాను, కానీ కొసన బరువు పెరిగినకొద్దీ బద్ద మందగిస్తుంది. సీసా మూతను రెండు చిన్న మేకులతో బిగిస్తే చాలు. విసరడానికి ఉండచుట్టిన కాగితమో, చిన్న స్పాంజి ముక్కో వాడు. గోళీలనూ రాళ్లనూ ముట్టుకోవద్దు. బద్దను వంచి పట్టుకున్నప్పుడు నీ ముఖం దాని పైన ఉండకూడదు, ఎదుట ఎవరూ నిలబడకూడదు.

మన వైపు మధ్యాహ్నం సముద్రపు గాలి లేస్తే కాగితపు ఉండ ఎటో కొట్టుకుపోతుంది. కనుక పొద్దున్నే పెరట్లో విసిరి, టేపుతో దూరం కొలిచి నోటుపుస్తకంలో వ్రాసుకో. మెలి ఒక చుట్టు పెంచినప్పుడు అడ్డుకర్రను కదపవద్దు, అడ్డుకర్రను కదిపినప్పుడు మెలిని మార్చవద్దు. రెండూ ఒకేసారి మారిస్తే దూరం దేనివల్ల పెరిగిందో నీకే తెలియదు. ఒక్కొక్క అమరికకు పదిసార్లు విసిరితే లెక్క కుదురుతుంది. రాత్రికి మాత్రం మెలి విప్పి, దారం వదులు చేసి ఉంచు.

ఇట్లు,
నీ తాతయ్య