బాపమ్మ సోల, తాత జాన

"తాతలు, నాయనమ్మల నుంచి వచ్చిన అలవాట్లలో ఇప్పటికీ మీకు నిజంగా పనికొస్తున్నవి ఏమైనా ఉన్నాయా?" అని అడిగారు. పసుపు పాలు, మిరియాల కషాయం లాంటివి ఎవరింట్లోనైనా ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. మా ఇంట్లో పెద్దవాళ్ల నుంచి నాకు మిగిలింది కొలత.

మాది నర్సంపేట దగ్గర పల్లె. ఇప్పుడు హనుమకొండలో ఉంటున్నాను. మా బియ్యం డబ్బాలో బాపమ్మ (నాన్న వాళ్లమ్మ) వాడిన ఇనుప సోల ఉంటుంది. అంచు ఒకచోట సొట్టపోయింది. నాలుగు గిద్దెలైతే సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, రెండు మానికలు అడ్డ, రెండు అడ్డలు కుంచం. రెండో ఎక్కం కన్నా ముందే ఇది నాకు నోటికొచ్చింది.

కొలిచేటప్పుడు బాపమ్మ "ఒకటి" అనేది కాదు. మొదటి సోలకు "లాభం" అనేది. తర్వాత రెండు, మూడు అంటూ పోయి, ఆరు దాటగానే "ఆరున్నొకటి" అనేది. ఏడు అంటే ఏడుపు గుర్తొస్తుందట, గింజల దగ్గర ఆ మాట నోట రావద్దట. నేను రెండో తరగతిలో ఉన్నప్పుడు సారు చింతగింజలు లెక్కపెట్టమంటే "లాభం, రెండు, మూడు" అని మొదలుపెట్టాను. సారు నవ్వి ఊరుకోకుండా పక్క క్లాసు సారును కూడా పిలిచి మళ్లీ చెప్పించారు. ఇంటికొచ్చి ఏడిస్తే తాత ఒకటే మాట అన్నాడు: "సారు జీతం లెక్కవెట్టుకుంటడు బిడ్డా, వడ్లు లెక్కవెట్టడు. ఆయనకెట్ల తెలుస్తది?"

నమ్మకం సంగతి ఎలా ఉన్నా, గట్టిగా పైకి చెప్తూ కొలవడంలో తెలివి ఉంది. కల్లంలో తాత కుంచంతో వడ్లు పోస్తూ "నాలుగు... నాలుగు... నాలుగు" అని, ఐదో కుంచం నిండేదాకా అదే అంకె సాగదీసేవాడు. మధ్యలో ఎవరు పలకరించినా లెక్క తప్పేది కాదు. కొనేవాళ్లూ వినేవాళ్లు, కూలికి వచ్చినవాళ్లూ వినేవాళ్లు. తర్వాత గొడవపడటానికి ఏమీ మిగిలేది కాదు.

ఇంకో సంగతి. పక్కింటి నుంచి సోలెడు పప్పు బదులు తెస్తే, పైన చేత్తో చదును చేసిన సోల వచ్చేది. తిరిగి పంపేటప్పుడు మాత్రం బాపమ్మ కుప్పగా పోసి పంపేది. "వాళ్లు చదునుగా ఇచ్చిండ్రు కదా" అని నేను అంటే, "మనకు అక్కరున్నప్పుడు ఇచ్చిండ్రు, ఆ పైన కుప్ప అక్కర కోసం" అనేది. అపార్ట్‌మెంటులో పక్క ఫ్లాట్ ఆవిడకు చక్కెర తిరిగి ఇచ్చేటప్పుడు నేను ఇప్పటికీ గిన్నె కొసరి నింపుతాను. ఆవిడ మొహమాటపడుతుంది, నేను కారణం చెప్పను.

మేడారం ముచ్చట కూడా కొలతదే. మొక్కు ఉంటే మనిషి ఎత్తు బెల్లం తూచి అమ్మవార్లకు ఇస్తారు, దాన్నే బంగారం అంటారు కదా. నాకు చిన్నప్పుడు జ్వరం తగ్గితే బాపమ్మ అలా మొక్కింది. జాతర రెండేళ్లకోసారి వస్తుంది. ఆ లోపల నేను బాగా లావయ్యాను. కిరాణం కొట్టు కాంటా మీద నన్ను కూర్చోబెట్టి, "మొక్కిన్నాడే తూచి పెడితే అయిపోతుండె" అని దారి పొడుగునా గొణిగింది.

తాత కొలత జాన. బొటనవేలి నుంచి చిటికెన వేలి దాకా చాపిన చెయ్యి. మృగశిర కార్తె జూన్ 7, 8 తేదీల్లో వస్తుంది, ఆ రోజు మా ఇంట్లో చేపల కూర, తిననివాళ్లకు బెల్లంలో పెట్టిన ఇంగువ. రోహిణిలో రోళ్లు పగులుతాయని, మృగశిరలో ముసలి ఎద్దు రంకె వేస్తుందని సామెతలన్నీ తాతకు కంఠతా వచ్చు. కానీ వాటిని నమ్మి విత్తనం వేసేవాడు కాదు. మొదటి వాన పడగానే ఊరంతా పత్తి గింజలు పెడుతుంటే, తాత పారతో చేనులో నాలుగు చోట్ల తవ్వి, గుంతలో చెయ్యి పెట్టి చూసేవాడు. జానెడు లోతు తడి దిగితేనే గింజ. లేకపోతే ఇంటికొచ్చి మంచం మీద పడుకునేవాడు. ఒక ఏడాది బాపు (నాన్న) ఆగలేక మొదటి వానకే పెట్టేశాడు. రెండు వారాలు మబ్బు కూడా రాలేదు. మొలకలు మాడిపోయాయి, మళ్లీ ప్యాకెట్లు కొనాల్సి వచ్చింది. తాత ఒక్క మాట అనలేదు. బాపుకు అదే ఎక్కువ బాధనిపించిందట. ఇప్పుడు వ్యవసాయ అధికారులు 60, 70 మిల్లీమీటర్ల వాన పడ్డాకే పత్తి పెట్టమంటారు. మా బాపు దగ్గర వాన కొలిచే గొట్టం లేదు, ఆయన కూడా జానే చూస్తాడు.

అయితే పెద్దవాళ్లు చెప్పిందల్లా సరైనదే అని నేను అనను. దానికి సకినాల కథ చెప్పాలి.

సంక్రాంతి ముందు మా ఇంట్లో కుంచెడు బియ్యం రాత్రంతా నానేసి, పొద్దున వడగట్టి, తడి ఆరకముందే గిర్నీలో పట్టించేవాళ్లం. మానికెడు బియ్యానికి సోలెడు నువ్వులు, గుప్పెడు వాము, ఉప్పు. నీళ్లకు మాత్రం కొలత లేదు. బాపమ్మ పిండి ముద్ద పట్టుకుని వేళ్ల మధ్య తిప్పేది. తీగ తెగితే నీళ్లు చాలలేదు, జారితే ఎక్కువయ్యాయి. "ఎన్ని నీళ్లు పోయాలె?" అని అడిగితే "పిండి చెప్తది" అనేది. ఆ మాటకు నాకు ఒళ్లు మండేది. ఐదారేళ్లు చుట్టాక గాని నా వేళ్లకు అర్థం కాలేదు.

చుట్టేది పాత నూలు చీర మీద. వాడి వాడి మెత్తబడిన చీరే కావాలి. పండక్కి రెండు నెలల ముందు నుంచే ఆ చీరను ఉతికి దాచేది, ఎవరినీ ముట్టనిచ్చేది కాదు. నేను ఇంటర్ చదివేటప్పుడు, చీర ఎందుకు పాడు చేయడం అని, తెలివిగా ప్లాస్టిక్ షీట్ పరిచి ఒక వాయికి సరిపడా చుట్టాను. చూడటానికి ఎంతో నున్నగా వచ్చాయి. చీర చేసే పని నాకు అప్పుడు తెలియదు: సకినంలోని తడిని అది కింద నుంచి పీల్చుకుంటుంది. ప్లాస్టిక్ పీల్చదు కదా. పైన ఆరినట్టు కనిపించినా లోపల నీళ్లు అలాగే ఉండిపోయాయి. కాగిన నూనెలో వేయగానే ఒకటి టప్పున పేలింది. నూనె ఎగిరి, పక్కనే కూర్చున్న తమ్ముడి ముంజేతి మీద పడింది.

బాపమ్మ పరుగున వచ్చి, అక్కడే ఉన్న తడి పిండి తీసి వాడి చేతికి మందంగా పూసింది. చల్లగా ఉంటుందని ఆమె నమ్మకం, ఆమె అత్త కూడా అదే చేసేదట. టౌనులో హాస్పిటల్‌కు తీసుకెళ్లేసరికి పిండి ఎండి అతుక్కుపోయింది. దాన్ని కడిగి తీస్తుంటే వాడు పెట్టిన కేకలు ఇంకా నా చెవుల్లో ఉన్నాయి. కాలితే పిండి, పేస్టు, పసుపు ఏదీ పూయొద్దని, వెంటనే మామూలు చల్లటి నీళ్లు 20 నిమిషాలు ధారగా పోయాలని డాక్టర్ గట్టిగా చెప్పారు. బాపమ్మ తలుపు పక్కన నిలబడి అంతా విన్నది. తప్పు చేశానని అనలేదు, డాక్టర్‌తో వాదించనూ లేదు. బస్సులో వస్తూ మాత్రం, "ఇరువై నిమిషాలంటే ఎన్ని బిందెలయితయే?" అని నన్ను అడిగింది.

మరుసటి సంక్రాంతికి పొయ్యికి రెండడుగుల దూరంలో బిందె నిండా నీళ్లు, అందులో ఒక చెంబు పెట్టుకుని గాని కడాయి ఎక్కించలేదు. ఆమె ఉన్నన్నాళ్లూ అలాగే చేసింది. ఆ తర్వాత అమ్మ చేసింది, ఇప్పుడు నేను చేస్తున్నాను. వంటింట్లో కుళాయి మూడడుగుల దూరంలోనే ఉంటుంది, అయినా బిందె పెడతాను. మా పాప సకినాల సామాను జాబితా చెప్పేటప్పుడు బియ్యం, నువ్వులు, వాము, పాత చీర, బిందెడు నీళ్లు అని చెప్తుంది. ఆ బిందె కూడా కాకతీయుల కాలం నుంచి వస్తున్న ఆచారమని దాని నమ్మకం.