పెద్దమేస్త్రి మాట వినకపోతే ముందు నీళ్లు కొలిచి పోయించు
తమ్ముడూ, డిప్లొమా అయ్యి అనంతపురంలో సూపర్‌వైజర్‌గా చేరితే పెద్దమేస్త్రి లెక్కచేయడం లేదు, స్లాబ్ కాంక్రీటులో ఇష్టమొచ్చినట్లు నీళ్లు పోయిస్తున్నాడు అన్నావు కదా. అరిస్తే వినడు, కడపలో నేనూ మొదట్లో అరిచి చూశాను. పొద్దున్నే మిక్సర్ దగ్గర కొలత డబ్బా పెట్టు: నీళ్లు-సిమెంటు నిష్పత్తి (సిమెంటు బరువుకు నీళ్ల బరువు ఎంత అని) 0.5 అయితే 50 కిలోల బస్తాకు 25 లీటర్లే, ఇసుక తడిగా ఉంటే ఇంకా తగ్గించాలి. నీళ్లు ఎక్కువైతే బలం పోతుందని నోటితో చెప్పడం కాదు, 150 మి.మీ. క్యూబులు (పరీక్షకు పోసే కాంక్రీటు దిమ్మెలు) కొలిచిన నీళ్లతో కొన్ని, అతను పోయించే నీళ్లతో కొన్ని పోయించి, 28 రోజులకు ల్యాబులో పగలగొట్టించి అతనికే చూపించు. మాల్ గట్టిగా ఉంది, పరుచుకోవడం లేదంటాడు (అది నిజమే కావచ్చు), అప్పుడు ప్లాస్టిసైజర్ (నీళ్లు పెంచకుండానే మాల్‌ను జారుగా చేసే మందు) సంగతి ఇంజినీరును అడుగు. సెంట్రింగ్ పని (స్లాబ్ కింద చెక్కలు, రేకులు బిగించడం) మాత్రం మొహమాటపడకుండా పెద్దమేస్త్రి దగ్గరే నేర్చుకో, ఆ రోజు నుంచి నీ మాటా వింటాడు. ఇంకోటి, మన ఎండల్లో మధ్యాహ్నం స్లాబ్ పోయించొద్దు.