కణానికి నొప్పి పుడుతుందా?

సందేహం: విశాఖపట్నంలో ఒక కళాశాలలో జీవశాస్త్రం బోధిస్తున్నాను. మా పత్రికకు నోబెల్ గ్రహీత, శాస్త్రవేత్త డేవిడ్ జూలియస్ పరిశోధనల గురించి రాస్తూ 'నొప్పి గ్రాహకం' (పెయిన్ రిసెప్టర్) అన్నాను. తెలుగు మాటకు సంస్కృత పదం అతికితే వైరిసమాసమవుతుందని మా తెలుగు అధ్యాపకులు దాన్ని 'వేదనాగ్రాహకం'గా దిద్దారు. ఏది సరి? పెయిన్‌కిల్లర్‌ను నొప్పినివారిణి అనవచ్చా?

సమాధానం: వైరిసమాసమన్న ఆక్షేపణ ఇక్కడ నిలవదు. సమాసాల్లో సాంస్కృతికం (సంస్కృత పదాలది), ఆచ్ఛికం (తెలుగు పదాలది) తో పాటు, రెండూ కలిసిన మిశ్రం అనే మూడో తెగను చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలోనే ఒప్పుకున్నాడు. 'కంటి వైద్యశాల' అన్న బోర్డు చూసి వ్యాకరణ దోషమని వెనుదిరిగిన రోగి ఎవరూ ఉండరు.

పైగా 'వేదన' మీకు అవసరమైన అర్థాన్ని ఇవ్వదు. 'విద్' ధాతువు నుంచి వచ్చిన ఈ మాటకు మొదటి అర్థం ఎరుక, అనుభూతి. మనిషి ఉనికికి మూలమని బౌద్ధులు చెప్పే ఐదు అంశాలు, అంటే పంచస్కంధాలలో ఒకటైన వేదనలో సుఖవేదన కూడా ఉంది. మీ ఊరి పక్కనున్న తొట్లకొండ, బావికొండ ఆరామాల భిక్షువులకు అది బాగా తెలిసిన మాటే అయి ఉంటుంది. నేటి తెలుగులో ప్రసవవేదన వంటి కొన్ని పదబంధాలను మినహాయిస్తే అది మనసు వైపే ఒరిగింది. పన్ను సలిపినా నడుము పట్టేసినా మనం చెప్పేది నొప్పి అనే. 'నొచ్చు' నుంచి వచ్చిన ఆ మాట తమిళ 'నోవు'కు చుట్టం.

అయితే 'నొప్పి గ్రాహకం' విషయంలో నా అభ్యంతరం వేరు. జూలియస్ బృందం 1997లో గుర్తించిన టీఆర్‌పీవీ1 అనే ప్రొటీను నాడీకణపు పొరలో ఉంటుంది. మిరపకాయలోని క్యాప్సైసిన్ తగిలినా, వేడి సుమారు 43 డిగ్రీల సెల్సియస్ దాటినా అది తెరుచుకుని సోడియం, కాల్షియం అయాన్లను లోపలికి వదులుతుంది. (పొయ్యీ మండుతుంది, కారం తిన్న నోరూ మండుతుంది; ఆ రెండింటికీ ఒకే క్రియ వాడే మన భాషకు ఈ సంగతి కొత్తగా అనిపించదు.) అక్కడి నుంచి బయలుదేరేది హాని జరగబోతోందన్న సంకేతమే తప్ప నొప్పి కాదు, అది మెదడుకు చేరి, మనిషి అనుభవమైనప్పుడే నొప్పి అవుతుంది. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 2020లో సవరించిన నిర్వచనం కూడా ఈ రెంటినీ వేరు చేసింది. మన వ్యాకరణం ఈ తేడాను ఎప్పటినుంచో పాటిస్తోంది: 'నాకు మోకాలు నొప్పిగా ఉంది' అన్నప్పుడు షష్ఠీ విభక్తి ప్రత్యయమైన 'కు' మనిషికే దక్కుతుంది, మోకాలు కేవలం చోటు. 'మోకాలికి నొప్పిగా ఉంది' అనడమే ఎబ్బెట్టుగా ఉంటే, 'కణానికి నొప్పి పుట్టింది' అనడం మరీ వింత. అందువల్ల మొదటి ప్రస్తావనలో 'వేడినీ కారాన్నీ పసిగట్టే గ్రాహకం' అని విప్పి చెప్పి, తరువాత 'ఉష్ణగ్రాహకం' అని వాడుకోండి.

నొప్పినివారిణి అనడం తప్పు కాదు, జనానికి అలవాటైన మాటే. కానీ నివారణ అంటే రాకుండా అడ్డుకోవడమన్న అర్థం కూడా స్ఫురిస్తుంది. సర్పి మానిన తరువాత కూడా వదలని నొప్పికి ఎనిమిది శాతం క్యాప్సైసిన్ ఉన్న పట్టీ వేస్తారు. అది చర్మంలోని నాడీ కొసలను మొద్దుబార్చి, అప్పటికే ఉన్న నొప్పిని తగ్గిస్తుంది. దానిని 'నొప్పి తగ్గించే పట్టీ' అనడమే మేలు.

మీరు పంపిన ప్రతిలో 'కణంలోకి కణాలు చొరబడతాయి' అన్న వాక్యం ఒకటి కనిపించింది. భౌతికశాస్త్రపు కణమూ జీవశాస్త్రపు కణమూ ఒకే వాక్యంలో ఇలా ఢీకొనకుండా, 'నాడీకణంలోకి అయాన్లు ప్రవేశిస్తాయి' అని మార్చండి.