మీటరు ముల్లు సున్నా దగ్గర కాదు, 60 దగ్గర సరిచూడండి

ఎండకి వెలిసిపోయిన కారు మీటరు ముళ్ళు ఇంట్లోనే మార్చుకోవచ్చా, మార్చాక రీడింగ్ తేడా రాకుండా ఎలా సెట్ చేసుకోవాలి అని అడిగారు. మార్చుకోవచ్చు. నేను మార్చాను. అందులో చేసిన ఒక్క తప్పుకి అరకు దారిలోని అనంతగిరి ఘాట్‌లో మా అమ్మని రోడ్డు పక్కన రాయి మీద రెండు గంటలు కూర్చోబెట్టాల్సొచ్చింది. ఆ సంగతి చెప్పకుండా పద్ధతి ఒక్కటే చెబితే మీకూ అదే జరుగుతుంది.

మాది పెదవాల్తేరు. అపార్ట్‌మెంట్లో పార్కింగ్ లేక కారు తొమ్మిదేళ్ళు వీధిలోనే ఎండలో ఉంది. నారింజ రంగు ముళ్ళు ముందు లేత పసుపుకి తిరిగాయి, తర్వాత పూర్తిగా పాలిపోయాయి. తెల్ల అంకెల మీద తెల్ల ముల్లు ఎక్కడుందో వెతుక్కోవాల్సొచ్చేది. వైజాగ్‌లో కారు కొంటే ఉప్పుగాలి, తుప్పు అని అందరూ భయపెడతారు గాని, ఎండ డ్యాష్‌బోర్డుని ఏం చేస్తుందో ఒక్కరూ చెప్పరు. ఒక షాపులో అడిగితే మొత్తం మీటరు మార్చాలన్నారు. నాలుగు ముళ్ళ కోసం మొత్తం మీటరు! ఈ ధోరణి చూస్తే నాకు ఒళ్ళు మండుతుంది. విప్పి చూసే ఓపిక లేనివాళ్ళందరూ మార్చెయ్యమనే అంటారు.

ఆన్‌లైన్‌లో ముళ్ళు తెప్పించి, ఓ ఆదివారం రాత్రి డైనింగ్ టేబుల్ మీద మొదలుపెట్టాను. బ్యాటరీ మైనస్ వైరు తీసి కాసేపు ఆగి, మీటరు బయటికి తీశాను. రెండు కాఫీ చెంచాలు, డయల్ గీసుకుపోకుండా కింద పాత శుభలేఖ ముక్క. చెంచాలు రెండూ ముల్లు మొదట్లో చెరో వైపు దూర్చి ఒకేసారి పైకి లేపితే స్పీడు ముల్లు, ఆర్పీఎం ముల్లు, పెట్రోల్ ముల్లు నిటారుగా లేచొచ్చాయి. టెంపరేచర్ ముల్లు మాత్రం రాలేదు. వేళ్ళతో పట్టుకుని అటూ ఇటూ తిప్పుతూ లాగాను. టక్కుమని వచ్చింది. కొత్త ముల్లు తీసుకుని సరిగ్గా ‘సి’ గీత (ఇంజన్ చల్లగా ఉందని గుర్తు) మీద పెట్టి నొక్కాను. తప్పంతా ఆ నొక్కడంలోనే ఉంది.

తర్వాత రెండు వారాలు కారు చాలా బాగుందనుకున్నాను. ఇంజన్ వేడెక్కాక ముల్లు సగానికి కాస్త కిందే నిలబడేది. కారు చల్లగా నడుస్తోందని సంతోషించాను. ఇంజన్ ఆపి తాళం తీశాక ముల్లు ‘సి’ గీత కిందికి కొద్దిగా దిగి ఉండేది. చూశాను, పట్టించుకోలేదు.

డిసెంబరులో అమ్మని, పిల్లల్ని తీసుకుని అరకు బయల్దేరాం. ఎస్.కోట దాటి ఘాట్ ఎక్కుతున్నాం. టైడా దాటాక ముల్లు మెల్లగా పైకి లేచి సరిగ్గా సగం దగ్గర ఆగింది. సగం అంటే మామూలే కదా అనుకున్నాను. అనంతగిరి కాఫీ తోటల దగ్గరికొచ్చేసరికి బెల్లం పాకంలాంటి తియ్యటి వాసన. అమ్మ “ఎక్కడో పాకం పడుతున్నారురా” అంది. అది కూలెంట్, అంటే ఇంజన్ని చల్లబరిచే ద్రవం వాసన. ఎర్ర లైటు వెలగడం, బోనెట్ సందుల్లోంచి ఆవిరి రావడం ఒక్కసారే జరిగాయి. ముల్లు ఇంకా సగానికి పైన వేలెడు కూడా ఎక్కలేదు.

ఓ జీపు డ్రైవరు ఆగి, మూత మీద చెయ్యి వెయ్యనివ్వలేదు. వేడిగా ఉండగా రేడియేటర్ మూత తీస్తే మరిగే నీళ్ళు మొహం మీదికొస్తాయి. ఆయన రుణం తీర్చుకోలేను. కింద హోస్ పైపు పగిలి కూలెంట్ చాలాసేపటినుంచి కారుతోందని చల్లారాక తెలిసింది. ఇంజన్ పైభాగం అతుకులో ఉండే పట్టీ, హెడ్ గ్యాస్కెట్, పోయింది. కారుని లాగించుకుని కిందికి తెచ్చుకున్నాం.

ఇంజన్ పని అయ్యాక మీటరు పట్టుకుని గాజువాక ఆటోనగర్‌లో ఒక పెద్దాయన దగ్గరికి వెళ్ళాను. అంబాసిడర్ల కాలంనుంచీ మీటర్లు బాగుచేస్తున్న మనిషి. ఆ పాత మీటర్లలో కేబుల్ తిరుగుతుంటే అయస్కాంతం తిరిగేది, దాని లాగుడుకి అల్యూమినియం గిన్నె కదిలేది, వెంట్రుకలాంటి స్ప్రింగు దాన్ని వెనక్కి లాగేది. ఆయన నా ముల్లు చూసి ఒక్కటే అడిగాడు: “ఏటి బాబూ, కరెంటివ్వకుండా నొక్కీసేరా? మోటారెక్కడుందో దానికే తెలీదు, మీకెలగ తెలుస్తాది?”

విషయమంతా ఆ మాటలోనే ఉంది. ఇప్పటి మీటర్లలో ముల్లు వెనక స్టెప్పర్ మోటరు, అంటే అడుగు అడుగుగా తిరిగే చిన్న మోటరు ఉంటుంది. బాగా కనబడే ఎక్స్27 రకమైతే మొత్తం 315 డిగ్రీలు తిరుగుతుంది, అడుగుకి డిగ్రీలో మూడో వంతు. ముల్లు ఎక్కడుందో తిరిగి చెప్పే సెన్సరేమీ అందులో లేదు. తాళం తిప్పగానే మోటరు వెనక్కెళ్ళి లోపలి అడ్డుకి తగులుతుంది, అదే సున్నా అనుకుని అక్కణ్ణించి అడుగులు లెక్కపెట్టుకుంటుంది. నేను మెలితిప్పి లాగినప్పుడు ఇరుసు ఆ అడ్డు నుంచి కొద్దిగా ముందుకు జరిగింది. ఆ జరిగినచోట ‘సి’ దగ్గర ముల్లు నొక్కాను. కరెంటు రాగానే మోటరు అసలు సున్నాకి వెళ్ళింది, ముల్లు ఎప్పటికీ అంత తక్కువ చూపించడం మొదలుపెట్టింది. పైగా చాలా కార్లలో, డ్రైవరు కంగారుపడకుండా, మామూలు వేడి అంతటికీ ముల్లుని ఒకేచోట నిలబెడతారు. ఆ చోటు దాటి కదిలిందంటేనే ప్రమాదం. నా ముల్లు కదిలింది. తప్పు చోటునుంచి కదిలి సరైన చోటులా కనిపించింది.

ఎంత తేడాకి ఎంత నష్టమో లెక్క చూడండి. 0 నుంచి 180 దాకా 240 డిగ్రీలు తిరిగే స్పీడు ముల్లుని 8 డిగ్రీలు పక్కకి పెడితే 6 కిలోమీటర్ల తేడా. ‘సి’ నుంచి ‘హెచ్’ దాకా మొత్తం 90 డిగ్రీలే తిరిగే టెంపరేచర్ ముల్లుకి ఆ 8 డిగ్రీలంటే దాదాపు పదో వంతు. 35 లీటర్ల ట్యాంకున్న పెట్రోల్ ముల్లుకైతే 3 లీటర్లు. అందరూ స్పీడు ముల్లు గురించి తపనపడతారు, చిన్న ముళ్ళ మీదే అసలు జాగ్రత్త కావాలి.

కాబట్టి మీరు చెయ్యాల్సింది ఇది. తీసేముందు ముళ్ళు ఎక్కడ నిలబడ్డాయో, ఇంజన్ బాగా వేడెక్కాక ఒకసారి, చల్లారాక తాళం తిప్పి ఒకసారి ఫోటో తీసుకోండి. నిటారుగా లేపండి, మెలితిప్పొద్దు, లోపలివి ప్లాస్టిక్ పళ్ళు. కొత్త ముల్లు పెట్టేటప్పుడు మీటరు కనెక్టరు తగిలించి, బ్యాటరీ కలిపి, తాళం తిప్పి, మోటర్లు సున్నాకి వెళ్ళొచ్చి ఆగాక, ఇంజన్ చల్లగా ఉన్నప్పటి ఫోటోలోని చోటే వెయ్యండి. గట్టిగా నొక్కొద్దు, ముల్లు కదలకుండా పట్టేంత చాలు. డయల్‌కి, ముల్లుకి మధ్య కొంచెం సందు ఉండాలి, లేకపోతే రాసుకుంటుంది. పాత ముల్లుకే రంగు వేద్దామనుకుంటే ఒద్దు. ముల్లు లోపలినుంచి వెలుతురు పారే ప్లాస్టిక్ అది, మామూలు రంగు పూస్తే రాత్రి వెలగదు.

సున్నా దగ్గర సరిపోయింది కదా అని మూసెయ్యకండి. మోటరు సున్నాకి వెళ్ళినట్టు కనిపించినా అడ్డుకి ఓ వెంట్రుక ముందు ఆగి ఉండొచ్చు. నడిచే చోట చూడాలి. తెల్లారకముందు రుషికొండ దాటాక భీమిలి వైపు రోడ్డు ఖాళీగా ఉంటుంది. పక్కసీట్లో ఒకర్ని కూర్చోబెట్టుకుని ఫోన్‌లో జీపీఎస్ స్పీడు చదివించండి, మీ కళ్ళు రోడ్డు మీదే ఉండనివ్వండి. జీపీఎస్ 60 చూపితే మీటరు 63, 64 చూపడం సరైనదే, దాన్ని 60కి దించడానికి ముల్లు జరపొద్దు. అంతర్జాతీయ నిబంధన ప్రకారం మీటరు అసలు వేగం కన్నా తక్కువ ఎప్పుడూ చూపకూడదు, ఎక్కువ మాత్రం పదో వంతుకి 4 కిలోమీటర్లు కలిపినంత చూపొచ్చు. అంటే 60కి 70 దాకా. ఆర్పీఎం, ఇంజన్ వేడి మాత్రం చిన్న ఓబీడీ స్కానర్ (కారు కంప్యూటరులోని అంకెలు చదివే పరికరం) పెట్టి చూడండి. ఇంజన్ బాగా వేడెక్కాక స్కానర్‌లో 90 డిగ్రీల దగ్గరున్నప్పుడు ముల్లు పాత ఫోటోలోని చోటే ఉండాలి. పెట్రోల్‌కి ట్యాంకు నిండా కొట్టించి కాసేపు ఆగి ‘ఎఫ్’ చూడండి. ఆ ముల్లుని కావాలనే నెమ్మదిగా కదిలేలా చేస్తారు, వెంటనే చూసి కంగారుపడొద్దు.

ఇంకో మాట. మీటరు విప్పుతానంటే చాలామంది కిలోమీటర్లు కూడా తగ్గించమంటావా అని అడుగుతారు, అదొక పని అయిపోయింది. సెకండ్ హ్యాండ్ కారు కొనేవాడి నెత్తిన అది నేరుగా మోసం. ఆ ఆటోనగర్ పెద్దాయన అలాంటివాళ్ళని గుమ్మం ఎక్కనివ్వడు.

మీ స్పీడు, ఆర్పీఎం ముళ్ళు మీరే మార్చుకోండి. టెంపరేచర్ ముల్లు మటుకు స్కానర్ చేతికొచ్చేదాకా ముట్టుకోకండి, వెలిసిపోయి ఉంటే ఉండనివ్వండి. నా కారులో ఇప్పటికీ ఆ ముల్లు పక్కన, అసలు సగం ఎక్కడో తెలిసేలా, పెద్దాయన డయల్ అద్దం మీద అంటించిన సన్నటి ఎర్ర టేపు ముక్క ఉంది. ఘాట్ ఎక్కే ప్రతిసారీ అమ్మ వెనకసీట్లోంచి ముందుకి వంగి అదే చూస్తుంది.