రిపోర్టులన్నీ నార్మలే, మరి నొప్పి?

ప్రశ్న: మా అమ్మాయికి 14 ఏళ్లు, తొమ్మిదో తరగతి. ఏడు నెలలుగా కడుపునొప్పి. బొడ్డుకు కుడిపక్క, కాస్త కిందుగా, ఎప్పుడూ ఒకే చోట వస్తుంది. కూర్చుని లేచేటప్పుడు, పక్కకు తిరిగేటప్పుడు ఎక్కువంటుంది. అయిదుగురు డాక్టర్లకు చూపించాం. మూడు స్కానింగులు, ఒక ఎండోస్కోపీ అయ్యాయి. ఒకరు గ్యాస్ అన్నారు, ఒకరు పరీక్షల టెన్షన్ అన్నారు. ఒక సర్జన్ గారు 24 గంటల నొప్పి అయ్యుంటుంది, ఆపరేషన్ చేసేద్దామన్నారు. స్కానింగులో బిళ్లలు కనిపించాయి, టీబీ మందులు మొదలుపెడదామని ఇంకొకరు. చివరికి చూసినాయన ‘రిపోర్టులన్నీ నార్మల్, పిల్లకేం లేదు’ అని పంపేశారు. ఇప్పుడు మా అత్తగారూ, మావారూ బడి ఎగ్గొట్టడానికి నాటకాలంటున్నారు. పోయిన నెలలో తొమ్మిది రోజులు బడికి వెళ్లలేదు. నేను డాక్టర్లను గట్టిగా అడిగితే ‘డాక్టరు మీరా, నేనా’ అంటారు. ఎలా అడగాలి?
– ఒక తల్లి, ఖమ్మం

జవాబు: అమ్మా, మీ ఉత్తరం మూడు పేజీలు. పైన వేసింది అందులో ముఖ్యమైన నాలుగు మాటలే. మందుల పేర్లు పదకొండు రాశారు, స్కానింగు తేదీలు కూడా రాశారు. అమ్మాయి బరువు మాత్రం ఎక్కడా లేదు. ఎత్తు లేదు. నెలసరి గురించి ఒక్క ముక్క లేదు. మిమ్మల్ని తప్పు పట్టడానికి కాదు ఈ మాట అంటున్నది. వాళ్లెవరూ అడిగి ఉండరు, మీకూ అది చెప్పాల్సిన సంగతి అనిపించి ఉండదు.

నేనూ ఒకప్పుడు అడగలేదు. పదమూడేళ్ల అబ్బాయి. కడుపునొప్పి అని నెలకోసారి వచ్చేవాడు. తండ్రి ఉద్యోగం దూరాన, ఇంట్లో గొడవలు, మార్కులు తగ్గాయి. ఇంకేం కావాలి, టెన్షన్ అని తేల్చేశాను. ఒకరోజు వాళ్లమ్మ మాటల మధ్యలో, ‘వీడికి బట్టల ఖర్చే లేదు డాక్టరు గారూ, రెండేళ్లుగా అవే ప్యాంట్లు సరిపోతున్నాయి’ అంది, కాస్త గొప్పగానే. నేను నవ్వాను కూడా. పదమూడేళ్ల మగపిల్లాడికి రెండేళ్ల నాటి ప్యాంటు సరిపోతోందంటే వాడు ఎదగడం లేదన్నమాట. ఆ మాట నాకు ఎక్కడానికి ఇంకో నాలుగు నెలలు పట్టింది. చివరికి తేలింది క్రోన్స్ జబ్బు, మనవాళ్లు పేగుపూత అంటారే, ఆ కోవలోది. మందులతో కుదుటపడ్డాడు, కానీ పోయిన ఆ నెలలు నా ఖాతాలోవే.

అందుకని మొదటి పని డాక్టరు దగ్గర కాదు, ఇంట్లోనే. అమ్మాయిని చెప్పులు లేకుండా గోడకు ఆనించి ఎత్తు కొలవండి. బరువు చూడండి. పాత స్కూలు హెల్త్ కార్డులోనో, పాత ప్రిస్క్రిప్షన్ల మూలనో ఏడాది కిందటి బరువు రాసి ఉంటుంది, వెతకండి. తగ్గినా, పెరగాల్సిన వయసులో పెరగకుండా ఆగినా అది ఏ స్కానింగు కన్నా పెద్ద ఆధారం.

తర్వాత ఒక నోటుబుక్కు. ఒక నెల చాలు. నొప్పి ఎప్పుడు మొదలైంది, ఎంతసేపుంది, ఏం చేస్తుండగా వచ్చింది, నిద్రలోంచి లేపిందా, విరేచనం ఎలా ఉంది, నెలసరి ఏ తేదీన వచ్చింది. రాయాల్సింది అమ్మాయే, మీరు కాదు. పద్నాలుగేళ్ల పిల్ల తన నొప్పిని తన మాటల్లో చెప్పుకోగలదు. నా గదిలో ఎన్నోసార్లు చూశాను: ప్రశ్న పిల్లనడిగితే జవాబు తల్లి చెబుతుంది, పిల్ల చున్నీ అంచు చుట్టుకుంటూ కూర్చుంటుంది. నెలసరికి ముందు ప్రతిసారీ ఎక్కువవుతుంటే అది వేరే దారి, గైనకాలజిస్టుకు చూపించాలి. ఎండోమెట్రియోసిస్, అంటే గర్భసంచి లోపలి పొరలాంటిది బయట పెరిగే జబ్బు, పెళ్లయిన ఆడవాళ్లకే వస్తుందనుకోవడం పొరపాటు, ఈ వయసులోనూ ఉంటుంది. ఇంకా రజస్వల కాకుండా నెలనెలా నొప్పి వస్తుంటే అది కూడా చూపించుకోవాల్సిందే. లోపల దారి మూసుకుపోయి రక్తం నిలిచిపోయే పిల్లలుంటారు.

ఇక మీ ఉత్తరంలో నన్ను ఆపిన వాక్యం ఒకటుంది. ‘ఎప్పుడూ ఒకే చోట.’ మీ రెండో పేజీలో ‘రూపాయి బిళ్లంత చోటు, వేలు పెట్టి చూపిస్తుంది’ అని కూడా రాశారు. టెన్షన్ వల్ల వచ్చే నొప్పిని పిల్లలు సాధారణంగా అరచేత్తో బొడ్డు చుట్టూ తిప్పి చూపిస్తారు. వేలు పెట్టి ఇదిగో ఇక్కడే అన్నప్పుడు, పైగా కదిలితే ఎక్కువవుతున్నప్పుడు, నొప్పి పేగుల్లో కాక పొట్ట గోడలోనే ఉండొచ్చు. పొట్ట కండరంలోంచి చర్మానికి వచ్చే సన్నని నరం దారిలో ఇరుక్కుంటే ఇలాగే ఉంటుంది. దీన్ని ఏ స్కానింగూ, ఏ ఎండోస్కోపీ చూపించదు. వేలు చూపిస్తుంది. పిల్లను వెల్లకిలా పడుకోబెట్టి, ఆ చోట వేలితో నొక్కి ఉంచి, తలా భుజాలూ పైకి లేపమంటారు. లోపలి నొప్పయితే కండరం బిగుసుకుని అడ్డం పడుతుంది కాబట్టి తగ్గుతుంది. గోడలోని నొప్పయితే అలాగే ఉంటుంది, లేదా పెరుగుతుంది. కార్నెట్ అనే సర్జన్ 1926లో చెప్పిన పరీక్ష ఇది, పైసా ఖర్చు లేదు. అది తేలితే ఆ చోట మత్తు ఇంజెక్షన్ ఇచ్చి చూస్తారు, నొప్పి అప్పటికప్పుడు తగ్గిందంటే నరమేనని దాదాపు ఖాయం. మీ అమ్మాయిది ఇదేనని నేను ఇక్కడ కూర్చుని చెప్పను, చూడలేదు కదా. ఆపరేషన్‌కు ముందు ఈ పరీక్ష అడిగి చేయించుకోండి అంటున్నాను. అపెండిక్స్ వాపు సాధారణంగా గంటల్లో, ఒకటి రెండు రోజుల్లో ముదిరే జబ్బు. దాన్ని 24 గంటల నొప్పి అనడం అందుకే. ఏడు నెలలు ఒకే తీరుగా ఉన్న నొప్పికి ఆ పేరు పెట్టేముందు సర్జన్ గారు కారణం చెప్పాలి.

బిళ్లల సంగతి. పిల్లల కడుపు స్కానింగులో చిన్న చిన్న బిళ్లలు, అంటే లింఫ్ గ్రంథులు, తరచుగా కనిపిస్తాయి. జలుబు చేసినా, విరేచనాలైనా ఉబ్బుతాయి. అవి ఉన్నంత మాత్రాన టీబీ కాదు. అలాగని మన దేశంలో కడుపు టీబీని కొట్టిపారేయనూ లేం. సాయంత్రం జ్వరం, బరువు తగ్గడం, ఇంట్లో ఎవరికైనా టీబీ ఉండి ఉండటం, ఇవి ఉంటే గట్టిగా వెతకాలి. వెతికి ఆధారం చూపించాక మందులు మొదలుపెడితే కనీసం ఆరు నెలలు మానకుండా వాడాలి, ప్రభుత్వాసుపత్రిలో ఉచితం. ‘వాడి చూద్దాం’ అంటే మాత్రం, ‘దేని ఆధారంగా సార్?’ అని అడిగే హక్కు మీకుంది.

అడగడం దగ్గరే కదా మీ ఇబ్బందంతా. మీరు అయిదు చోట్లకు వెళ్లారు, అయిదు చోట్లా కథ మొదటి నుంచే మొదలైంది. కొత్త డాక్టరు కొత్త స్కానింగు రాస్తారు, పాతది చూసే ఓపిక ఉండదు. ఒక్కరిని పట్టుకోండి, కుదిరితే హైదరాబాద్‌లో పిల్లల గ్యాస్ట్రో డాక్టరును. ఫైలు పైన ఒకే ఒక్క కాగితం పెట్టండి. వయసు, అప్పటి బరువు, ఇప్పటి బరువు, నొప్పి ఎక్కడ, ఎన్నాళ్లుగా, ఏ పరీక్షలు అయ్యాయి, ఏ మందుకు ఏమైంది, బడి ఎన్ని రోజులు పోయింది. పాత ఆస్పత్రి కాగితాలు లేకపోతే అడగండి. అడిగిన 72 గంటల్లోగా ఇవ్వాలని 2002 నాటి వైద్యుల నియమావళిలోనే ఉంది.

లోపలికి వెళ్లాక ‘ఇంటర్నెట్‌లో చూశాను’ అని మొదలుపెట్టకండి. మా వాళ్ల అహం అక్కడే లేస్తుంది, నా అనుభవంతోనే చెబుతున్నా. ‘మీరు ఏమనుకుంటున్నారు సార్? ఏవేవి కాదని తేలిపోయాయి? ఈ మందుకు ఎన్నాళ్లలో తగ్గాలి, తగ్గకపోతే తర్వాత ఏం చేద్దాం?’ ఈ మూడూ అడిగి, జవాబు అక్కడే కాగితం మీద రాసుకోండి. రాసుకుంటున్న మనిషి ముందు ఏ డాక్టరైనా కాస్త ఆలోచించి మాట్లాడతాడు. పేగుల్లో వాపు ఉందో లేదో తేల్చడానికి మలపరీక్ష ఒకటి ఉంది, కాల్‌ప్రొటెక్టిన్ అంటారు. అది మన పిల్లకు అవసరమా అని కూడా అడగండి. అమ్మాయితో డాక్టరు ఓ అయిదు నిమిషాలు విడిగా మాట్లాడతానంటే మీరు లేచి బయటికి రండి. బడిలో ఎవరైనా ఇబ్బంది పెడుతున్నారా, ఇంకేమైనా భయాలున్నాయా, అమ్మ ముందు చెప్పని మాటలు ఎన్నో ఉంటాయి. బడి బాత్రూం బాగోలేక పొద్దున్నుంచీ నీళ్లు తాగకుండా, మలం బిగబట్టుకుని కూర్చునే ఆడపిల్లల కడుపునొప్పులు నేను లెక్కపెట్టలేనన్ని చూశాను.

ఇవన్నీ చూశాక కూడా ఏదీ దొరక్కపోవచ్చు. అప్పుడు ‘ఫంక్షనల్’ అంటారు. దీన్ని అబద్ధం అని అర్థం చేసుకోకండి. పరీక్ష హాల్లోకి వెళ్లేముందు బాత్రూంకు పరుగెత్తని వాళ్లెవరు? పేగులకూ మెదడుకూ మధ్య నడిచే ఆ తీగలు కొందరు పిల్లల్లో మామూలు కదలికను కూడా నొప్పిగా మోసుకెళ్తాయి. ఈ వయసులో ఎక్కువగా కనిపించేది ఇదే. దానికీ చికిత్స ఉంది, కౌన్సెలింగ్ అందులో ఒక భాగం. కౌన్సెలింగ్ అనగానే పిల్లకు పిచ్చి అంటగట్టారని మీవారు అనొచ్చు, అననివ్వండి. కానీ ‘పిల్లకేం లేదు’ అన్న మాట వేరు, ఇది వేరు. నొప్పి పూర్తిగా పోయేదాకా ఆగకుండా బడికి పంపడం మొదలుపెట్టాలి, ముందు ఒక పూట. క్లాసులో నొప్పి వస్తే పది నిమిషాలు పడుకోనివ్వమని డాక్టరుతో ఒక చీటీ రాయించి హెడ్‌మాస్టరుకు ఇవ్వండి. ఇంట్లో ‘ఇప్పుడెలా ఉందే’ అని గంటకోసారి అడగడం మానేయండి.

మీ అత్తగారితో వాదించకండి. పిల్ల పెళ్లిళ్లకూ పండగలకూ కూడా నొప్పితో పడుకుంటోందా అని ఆవిడనే చూడమనండి. మీ ఉత్తరంలో సంక్రాంతికి పిండివంటలు వదిలేసి పడుకుందని రాశారు. బడి లేని రోజు నాటకం ఎవరికోసం?

ఒక్క విషయంలో మాత్రం నోటుబుక్కూ ఫైలూ పక్కన పడేయండి. ఆకుపచ్చటి వాంతి, నల్లటి లేదా నెత్తుటి విరేచనం, పొట్ట చెక్కలా బిగుసుకోవడం, కళ్లు తిరిగి పడిపోవడం, పొత్తికడుపులో ఒక పక్క ఉన్నట్టుండి భరించలేని నొప్పి, దాంతో వాంతులు. వీటిలో ఏది వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా అప్పటికప్పుడు పెద్దాసుపత్రికి తీసుకెళ్లండి. అండాశయం మెలిపడితే దాన్ని కాపాడే వ్యవధి గంటల్లోనే ఉంటుంది.

గ్యాస్ మాత్ర ఏడు నెలలుగా రోజూ పరగడుపున వేస్తున్నామని రాశారు. దానితో ఏమీ తగ్గలేదని మీరే అన్నారు. ఈసారి డాక్టరును కలిసినప్పుడు అది ఇంకా ఎందుకో అడిగి ఆపించండి.