ఏప్రిల్‌లో పిచ్చర్ మీద తీర్పు చెప్పే ముందు

అల్లుడూ,

నీ మెసేజ్‌లన్నీ చదివాను. మీ బోస్టన్ బేస్‌బాల్ టీమ్ రెడ్ సాక్స్ కొత్తగా తెచ్చుకున్న పిచ్చర్ (బంతి వేసేవాడు) ఐదు మ్యాచ్‌లు వేసేసరికి ఈఆర్‌ఏ (ఒక మ్యాచ్‌కి సరిపడా తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటున అతని ఖాతాలో పడే రన్స్, ఎంత తక్కువైతే అంత మంచిది) ఐదు దాటిందని, ఆఫీసులో లంచ్ టైమ్‌లో రోజూ ఇదే గొడవని రాశావు. సగం మంది "వాడి పని అయిపోయింది" అంటున్నారట, మిగతా సగం "ఇంకా ఏప్రిలే కదా" అంటున్నారట. ఎవరి వైపు నిలబడాలని అడిగావు. నేను మీ ప్రత్యర్థి న్యూయార్క్ యాంకీస్ వాణ్ణి, కాబట్టి నా మాట ఎంతవరకు నమ్మాలో నువ్వే చూసుకో. అతని పేరు మాత్రం ఎత్తను. ఈ ఏడాది ఇతను, వచ్చే ఏడాది ఇంకొకడు, గొడవ మాత్రం ప్రతి ఏప్రిల్‌లోనూ ఉండేదే.

రెండు వర్గాల్లో దేనిలోనూ చేరకు. తిట్టేవాళ్ళూ వెనకేసుకొచ్చేవాళ్ళూ చూస్తున్నది ఒకే అంకెని, ఆ అంకె సీజన్ మొదట్లో పెద్దగా ఏమీ చెప్పదు. ఎందుకు చెప్పదో కాగితం మీద లెక్కేసి చూడు. ఒక పిచ్చర్ నాలుగు మ్యాచ్‌ల్లో ఆరేసి ఇన్నింగ్స్ వేసి రెండేసి రన్స్ ఇచ్చాడనుకో. తొమ్మిది ఇన్నింగ్స్‌కి సగటు తీస్తే ఈఆర్‌ఏ సరిగ్గా 3.00. చాలా మంచి పిచ్చర్. అయిదో మ్యాచ్‌లో రెండే ఇన్నింగ్స్‌లో ఏడు రన్స్ ఇచ్చేశాడు. వెంటనే 5.19 అయిపోతుంది, టీవీలో అతని పేరు పక్కన ఆ అంకె వేసి చూపిస్తారు. అదే మనిషి ఏడాదంతా 32 మ్యాచ్‌లు వేసి, అందులో 31 ఆ మొదటి నాలుగింటిలాగే వేసి, ఒక్కటి మాత్రం పాడు చేసుకుంటే ఏడాది చివర 3.30 ఉంటుంది. చెడ్డ రోజు ఒకటే. ఏప్రిల్‌లో వస్తే పనికిమాలినవాడంటారు, ఆగస్టులో వస్తే ఎవరికీ గుర్తుండదు.

పిచ్చర్ పేరు మీద రాసే గెలుపోటముల లెక్క ఇంకా దారుణం. మీ టీమ్ సంగతే తీసుకో. 2016 సీజన్‌కి పిచ్చర్ డేవిడ్ ప్రైస్‌ని ఏడేళ్ళకి 21.7 కోట్ల డాలర్లిచ్చి తెచ్చారు. మొదటి ఏడు మ్యాచ్‌లయ్యేసరికి అతని ఈఆర్‌ఏ 6.75. గెలుపోటములు చూస్తే నాలుగు గెలుపులు, ఒక్క ఓటమి! అతను రన్స్ ఇస్తున్నా మీ బ్యాటర్లు అంతకంటే ఎక్కువ కొట్టి నెట్టుకొచ్చారు. గెలుపులు చూసినవాడు సంతోషించాడు, ఈఆర్‌ఏ చూసినవాడు నెత్తి బాదుకున్నాడు. అసలు చూడాల్సింది వేరే ఉంది. అంత దెబ్బలు తింటూ కూడా అతను ఇన్నింగ్స్‌కి ఒకరి కంటే ఎక్కువ మందిని స్ట్రైక్‌అవుట్ చేస్తున్నాడు, అంటే మూడు స్ట్రైక్‌లతో బ్యాటర్‌ని వెనక్కి పంపుతున్నాడు. చెయ్యి పడిపోయినవాడికి అది సాధ్యం కాదు.

అందుకే నేను ముందు స్ట్రైక్‌అవుట్లు, వాక్‌లు (నాలుగు బయటి బంతులేసి బ్యాటర్‌కి ఊరికే ఫస్ట్ బేస్ ఇచ్చేయడం) చూస్తాను. ఆ రెండింటిలో ఫీల్డర్ల ప్రమేయం లేదు. బంతి బ్యాట్‌కి తగిలి మైదానంలోకి వెళ్ళాక సంగతి వేరు. గోడ దాటే హోమ్ రన్లు పక్కన పెడితే, అలాంటి బంతుల్లో లీగ్ మొత్తం మీద పదింటికి సుమారు మూడు హిట్లవుతాయి, అంటే బ్యాటర్ అవుట్ కాకుండా బేస్ చేరతాడు. ఓ పిచ్చర్‌కి నెల రోజులపాటు పదికి నాలుగు పడుతున్నాయంటే అందులో షార్ట్‌స్టాప్ (రెండో, మూడో బేస్‌ల మధ్య ఫీల్డర్) ఎక్కడ నిలబడ్డాడన్నదీ ఉంటుంది, అదృష్టమూ ఉంటుంది. 2001లో వోరోస్ మెక్‌క్రాకెన్ అనే ఆయన ఈ మాట రాసినప్పుడు చాలామంది నవ్వారు. తర్వాత లెక్కలు వేసినవాళ్ళు కొంచెం సవరించారు గానీ, మూలంలో ఆయన చెప్పింది నిలబడింది. ఎంతమంది బ్యాటర్లని చూశాక ఏ అంకెని నమ్మొచ్చని బేస్‌బాల్ గణాంకాల మీద రాసే రస్సెల్ కార్ల్‌టన్ లెక్క తీశాడు. స్ట్రైక్‌అవుట్లకి సుమారు 70 మంది, వాక్‌లకి సుమారు 170 మంది. అంటే మూడు మ్యాచ్‌ల తర్వాత స్ట్రైక్‌అవుట్ల గురించి కాస్త ధైర్యంగా మాట్లాడొచ్చు, వాక్‌ల గురించి మాట్లాడాలంటే ఏడు మ్యాచ్‌లు ఆగాలి. ఈఆర్‌ఏ గురించి మాట్లాడ్డానికి ఏడాదంతా కూడా చాలదు.

తర్వాత ఫాస్ట్‌బాల్ వేగం. బేస్‌బాల్ సావంట్ అనే సైట్‌లో ప్రతి బంతి వేగమూ ఉంటుంది, ఫ్రీగా చూడొచ్చు. ఇక్కడ చాలామంది పొరపాటు చేస్తారు. పోయిన సెప్టెంబర్ వేగంతో ఈ ఏప్రిల్ వేగాన్ని పోల్చి గగ్గోలు పెడతారు. చలి తగ్గి ఎండలు ముదిరేకొద్దీ పిచ్చర్ల వేగం మామూలుగానే పెరుగుతుంది. పోయిన ఏప్రిల్‌తో ఈ ఏప్రిల్‌ని పోల్చు. వేగం గంటకి రెండు మైళ్ళు పడిపోయి, దానితోపాటు బంతి ఎక్కడికి పోతోందో అతనికే తెలియనట్టు వాక్‌లు పెరిగితే, అప్పుడు టెన్షన్ పడు. మోచేతి గాయం బయటపడేముందు తరచూ అలాగే ఉంటుంది.

ప్రైస్ విషయానికొస్తే, మందు దొరికింది అదే టీమ్‌లో సెకండ్ బేస్‌లో ఆడే డస్టిన్ పెడ్రోయా దగ్గర. వీడియోలు చూసి, కాలెత్తేటప్పుడు ప్రైస్ చేతులు మునుపటి ఎత్తుకి రావడం లేదని పట్టుకున్నాడు. సరిచేసుకున్నాక మే 12న హ్యూస్టన్ ఆస్ట్రోస్ మీద 12 స్ట్రైక్‌అవుట్లు. ఏడాది చివరికి 17 గెలుపులు, 230 ఇన్నింగ్స్, 3.99 ఈఆర్‌ఏ. గొప్ప ఏడాదేం కాదు, నేను పొగడను. కానీ మేలో అందరూ అనుకున్న ఏడాది కాదు. 2018 వరల్డ్ సిరీస్‌లో (లీగ్ ఛాంపియన్‌ని తేల్చే ఫైనల్ సిరీస్) రెండో మ్యాచూ చివరి మ్యాచూ గెలిచింది అతనే, ఈ మాట మీ ఆఫీసులో నా పేరు చెప్పకుండా వాడుకో.

కొత్త టీమ్‌కి రావడంలోనే కొన్ని తిప్పలుంటాయి. బంతి పట్టే క్యాచర్ కొత్త, కోచ్ కొత్త. ఏ బంతి ఎక్కువ వేయాలో టీమ్ అనలిస్టులు మార్చమంటారు. పైగా మీ ఫెన్వే మైదానం ఒకటి: ఎడమ పక్క 37 అడుగుల గోడ, అదీ హోమ్ ప్లేట్‌కి 310 అడుగుల దూరంలోనే. వేరే ఊళ్ళో సులువుగా క్యాచ్ అయ్యే బంతి అక్కడ గోడకి కొట్టుకుని డబుల్ (రెండు బేస్‌ల హిట్) అవుతుంది. అటువైపు ఎక్కువగా కొట్టే కుడిచేతి బ్యాటర్లకి ఎలా వేయాలో నేర్చుకోవడానికి ఎవరికైనా కొంత టైమ్ పడుతుంది. చలి సంగతి మాత్రం మరీ సాకుగా తీసుకోకు. చేతివేళ్ళు బిగుసుకుని కర్వ్‌బాల్ సరిగా తిరగదన్నది నిజమే, కానీ చలిలో బంతి దూరం కూడా పోదు, అది పిచ్చర్‌కి లాభమే.

అతని పాత ఏప్రిల్‌లు కూడా తిరగేసి చూడు. మా పిచ్చర్ సీసీ సబాథియా 2009లో 16.1 కోట్ల డాలర్ల ఒప్పందంతో వచ్చి, బాల్టిమోర్‌లో మొదటి రోజే అయిదు ఇన్నింగ్స్ పూర్తి చేయకుండా ఆరు రన్స్ ఇచ్చాడు. ఒక్క స్ట్రైక్‌అవుట్ లేదు, అయిదు వాక్‌లు. న్యూయార్క్‌లో గోల ఎలా ఉండి ఉంటుందో ఊహించుకో. అంతకుముందు ఏడాది క్లీవ్‌లాండ్‌లోనూ మొదటి నాలుగు మ్యాచ్‌లు ఇంకా ఘోరంగా వేశాడు, తర్వాత జూలైలో మిల్వాకీకి వెళ్ళి 11 గెలిచి రెండే ఓడాడు. మెల్లగా వేడెక్కడం అతని అలవాటు. 2009లో 19 గెలుపులతో ముగించాడు, మేం వరల్డ్ సిరీస్ గెలిచాం. 2025లో అతన్ని బేస్‌బాల్ దిగ్గజాల హాల్ ఆఫ్ ఫేమ్‌కి ఎన్నుకున్నారు.

"ఇంకా ఏప్రిలే" బ్యాచ్ ఇది విని ఎగిరి గంతేస్తారు. వాళ్ళ కోసం పిచ్చర్ బ్యారీ జీటో ఉన్నాడు. శాన్ ఫ్రాన్సిస్కో జెయింట్స్ 2006 చివర్లో 12.6 కోట్ల డాలర్లకి తీసుకున్నారు. 2007 మొదట్లో తడబడ్డాడు, జనం ఓపిక పట్టారు. ఆ ఓపిక వల్ల ఏమీ మారలేదు. ఎందుకంటే గుర్తులు ఒప్పందానికి ముందే ఉన్నాయి: 2006లోనే 99 వాక్‌లు, 151 స్ట్రైక్‌అవుట్లు. తర్వాత ఫాస్ట్‌బాల్ వేగం 84, 85 మైళ్ళకి చేరింది. 2008లో 17 ఓటములు. 2010 పోస్ట్ సీజన్‌లో (సీజన్ తర్వాతి నాకౌట్ మ్యాచ్‌లు) అతన్ని టీమ్‌లోకే తీసుకోలేదు. 2012లో సెయింట్ లూయిస్‌లో ప్రాణాల మీదికొచ్చిన మ్యాచ్ కాపాడి, వరల్డ్ సిరీస్ మొదటి మ్యాచ్‌లో మేటి పిచ్చర్ వెర్లాండర్‌నే ఓడించాడు, అది చూసి నేనూ లేచి చప్పట్లు కొట్టాను. కానీ ఒక్క అక్టోబర్ చూసి అది మంచి ఒప్పందం అనలేం.

ఇక వాదించే పద్ధతి. జీతం ఊసెత్తకు. ఐపీఎల్ వేలంలో ఎక్కువ పలికిన బౌలర్‌కి రెండు మ్యాచ్‌ల్లో సిక్సర్లు పడగానే బంతికి ఇన్ని లక్షలని మనవాళ్ళు లెక్క వేస్తారే, అక్కడితో ఆట గురించి మాటే ఆగిపోతుంది. "పెద్ద ఊరి ప్రెషర్ తట్టుకోలేడు" అనేవాణ్ణి వేగం ఎంతుందో అడుగు, చూడలేదంటాడు. అతను మౌండ్ (పిచ్చర్ నిలబడే దిబ్బ) దిగేటప్పుడు బూ అని అరవకు, పక్కనవాళ్ళు అరిచినా సరే.

మే చివర్లో వచ్చే మెమోరియల్ డే వరకు ఆగు. అప్పటికి పది పదకొండు మ్యాచ్‌లు అయి ఉంటాయి. ఈలోగా ప్రతి మ్యాచ్ తర్వాత మూడే రాసుకో: ఎంతమంది బ్యాటర్లకి ఎన్ని స్ట్రైక్‌అవుట్లు, ఎన్ని వాక్‌లు, ఫాస్ట్‌బాల్ సగటు వేగం. ఆ కాగితం ఫొటో తీసి పంపు. జూన్‌లో మీవాళ్ళు మా మైదానం ఉన్న బ్రాంక్స్‌కి వస్తే టికెట్లు నేను చూస్తాను, నువ్వు మాత్రం ఆ రెడ్ సాక్స్ టోపీ ఇంట్లో పెట్టి రా.

నీ మామయ్య